కుడితి తొట్టిలో చేపలు

ఆడికృత్తికకు తిరుత్తణి కొండమీదికి పూలకావడి ఎత్తుతానని సుందరరాజులు మెడలో మాల వేసుకుని విరదం పట్టిన దగ్గర పోయినవారం ఆగినాము. వరసగా వానలు తప్పి, బావిలో రాయి తేలిన ఏడు అది. ఈసారి ఆయన కావడి వాన కోసం. పాడి గేదెల్ని మేపలేక అమ్మేశాక పెరట్లో సిమెంటు కుడితి తొట్టి ఖాళీగా మిగిలింది. బి.యస్సి. రెండో ఏడు చదివే కూతురు కోకిల ఆ తొట్టిలో చేపలు వదిలింది. తొట్టిమీద అడ్డంగా కట్టెలు పరిచి, కిరసనాయిలు డబ్బాలను నిలువునా కోయించి పెట్టి, వాటిలో కంకర నింపి, పిడికెడు మన్నయినా లేకుండా కూరకు సిర్రాకూ పుదీనా పెంచింది. తొట్టి నీళ్లు చెంబుతో ముంచి కంకర మీద పోస్తే, వేళ్లను తడిపి, డబ్బా అడుగు బెజ్జాల్లోంచి మళ్లీ తొట్టిలోకే కారుతాయి. చేపల మురికి చెట్లకు తిండి. చెట్లు తేర్చిన నీళ్లు చేపలకు ప్రాణం. ఊరంతా బిందెల వెంట పరుగెత్తుతుంటే ఈ పిల్ల ఒకే నీళ్లను తిప్పి తిప్పి వాడుకుంటోంది. శుక్రవారంనాడు తిరువళ్లూరునుంచి ఇద్దరు లెక్చరర్లు వచ్చి చూస్తారు. వాళ్లకు నచ్చితే తిరువళ్లూరు ఎగ్జిబిషన్‌లో కోకిలకొక చోటు దొరుకుతుంది. అప్పటిదాకా తొట్టి బతికుండాలి.

ఆదివారం మధ్యాహ్నం సుందరరాజులు ఆకు ముందు కూర్చున్నాడు. విరదంలో ఆయనకు ఒంటిపూట భోజనమే. అక్క ధనకోటి పక్కన కూర్చుని విసనకర్రతో ఈగల్ని తోలుతోంది. ఆమెకు పెళ్లయిన కొత్తలోనే భర్త పోయినాడు. అప్పటినుంచీ తమ్ముడింట్లోనే ఉంది. కోకిలను ఎత్తుకుని పెంచింది ఆమే.

రాజులు పప్పులో కలిపిన ఆకుకూరను వేళ్లతో నలిపి, మరో ముద్ద తీసుకున్నాడు.

"ఈ కరువులో ఇంత లేత ఆకు యాడ దొరికింది మునిలక్ష్మీ? నిన్న సంతలో చూసినాను. కట్టెపుల్లలే గానీ ఆకు కనబడలే."

మునిలక్ష్మి మజ్జిగ చెంబు కింద పెట్టింది. పెళ్లయిన నాటినుంచీ ఆమెకు ఒక అలవాటు. అబద్ధం చెప్పదు. అడిగేదాకా నిజమూ చెప్పదు.

"మన పెరట్లోదే," అంది.

రాజులు చెయ్యి ఆకుమీదే ఆగిపోయింది. ధనకోటి విసనకర్ర కూడా ఆగింది.

"పెరట్లో యాడ? చేపల నీళ్లు పోసేదా?"

"దాంట్లోదే."

"ఎన్నాళ్లనుంచి పెడతా ఉండావు?"

"మాల వేసుకున్నప్పటినుంచి. వేరే ఏముంది వండేదానికి? ఒంటిపూట తినే మనిషికి రోజూ ఉత్తపప్పు పోసి పంపాల్నా?"

రాజులు లేచి నిలబడ్డాడు. విరదంలో ఆకులో మెతుకు వదిలి లేవకూడదు. ఆ సంగతి లేచినాక గుర్తొచ్చింది. కూర్చోలేడు, నిలబడలేడు. కుడిచెయ్యి ఎంగిలితో గాల్లో అట్లాగే ఉంది.

"నీచు తినిపించినావు నాకు! మాలలో ఉండేవాడికి!"

"చేప ముక్క వేసినానా?" మునిలక్ష్మి గొంతు పెంచలేదు. "మన కయ్యలో చెరువు వండ్రు తోలి పండించిన వడ్లేగా ఈ అన్నం? ఆ చెరువులో చేపలు పుట్టలేదా, చావలేదా? ఆ మట్టి బండ్లు నువ్వే తోలినావు. ఆ అన్నం విరదానికి పనికొచ్చినప్పుడు ఈ ఆకు ఎందుకు పనికి రాదు, కోకిల నాయనా?"

రాజులు ఎంగిలిచెయ్యి విదిలించినాడు.

"అది మన్ను! మన్ను అన్నింటినీ కడుపులో వేసుకుంటాది. పీనుగునైనా పేడనైనా దాచి, శుద్ధంగా తిరిగిస్తాది. దీంట్లో మన్నే లేదే! చేపల ఒంటిమీది నీళ్లు నేరుగా ఆకులోకి వచ్చినట్టే గదా!"

మునిలక్ష్మి మజ్జిగ చెంబు తీసి పక్కన పెట్టగానే రాజులు ధనకోటివైపు తిరిగినాడు.

"అక్కా, నువ్వు పోయి రత్నస్వామిని పిలుచుకొని రా. విరదం నిలిచిందో చెడిందో ఆ గురుసామే చెప్పాల. ఆయన వచ్చేలోపల తొట్టి ఖాళీ చేసేయాల. ఇంట్లో ఒక చేప ఉండకూడదు," అని చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోయినాడు.

రత్నస్వామి ఆ చుట్టుపక్కల కావడి ఎత్తేవాళ్లకు మాల వేసే పెద్దాయన. ఆయన మాల తీసేయమంటే ఇక ఆ ఏడు కావడి లేనట్టే. ధనకోటి కొంగు నడుముకు దోపుకుని, మేనకోడలు ఉన్న పెరటివైపు ఒకసారి చూసి, బయటికి నడిచింది.

కోకిల తొట్టి దగ్గరే ఉంది. లోపలి మాటలన్నీ వింది. చెంబుతో కంకర మీద నీళ్లు పోయడం మాత్రం ఆపలేదు.

ఆ పిల్ల పని చేస్తుంటే చూడాలి. పావడా చెంగు దోపుకుని, ఒక డబ్బాకు ఎక్కువా ఒక డబ్బాకు తక్కువా కాకుండా, ధార పలచగా, ఆకులమీద పడకుండా మొదట్లోనే పోస్తుంది. పోసినాక బెజ్జం దగ్గర చెవి పెట్టి, నీళ్లు కారే చప్పుడు వింటుంది. చప్పుడు మారితే యాడో వేరు అడ్డం పడిందని తెలుసు. ఇదంతా ఆమెకు ఎవరూ నేర్పలేదు. కాలేజీ లైబ్రరీలో ఒక పత్రికలో చిన్న బొమ్మ ఒకటి చూసింది. దాంట్లో మోటారుంది. ఇక్కడ కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు గనుక, మోటారు చేసే పనిని ఆమె ఇంటిల్లిపాదికీ పంచింది. పెరట్లోకి ఎవరు ఏ పనిమీద వచ్చినా కొన్ని చెంబులు పోసి పోవాలి. కాళ్లు కడుక్కునేదానికి వచ్చినా సరే. మొదట్లో ధనకోటి ఎగతాళి చేసింది. "నువ్వు మొగుడింటికి పోయేటప్పుడు మంచమూ పరుపూ వద్దులే, ఈ తొట్టినే సారెగా మోసుకుపోదువు!" అనేది. ఇప్పుడు అందరికంటే ఎక్కువగా పోసేది ఆమే.

"విన్నావు గదా," అన్నాడు రాజులు.

"విన్నాను నాయనా. ఖాళీ చేస్తాను. చేపల్ని యాడ వదలమంటావు?"

"చెరువులో..." అని ఆగినాడు. చెరువు నెర్రెలు విచ్చి ఉంది.

"బాయిలో..."

బావిలో కప్పకు కూడా నీళ్లు లేవు.

"ఎవరికైనా ఇచ్చేయి."

"ఇస్తే కోసుకుని తింటారు నాయనా. నువ్వు ఇచ్చినవే అవుతాయి గదా."

ఆమె ఎగతాళిగా అనలేదు. నిజంగానే దారి వెతుకుతూ అడిగింది. అందుకే రాజులుకు కోపం రాలేదు. విరదంలో ఉండేవాడు చీమను తొక్కితేనే గుంజీలు తీసుకోవాలి. ఇన్ని ప్రాణాలను నీళ్లు లేని చోట పారబోయడం ఎట్లా?

"సరే, చేపలు ఉండనీ. విరదం ముగిసేదాకా ఉండనీ. చెట్లు పీకేయి. ఆ ఆకు ఇంట్లో కనబడకూడదు."

"చెట్లు పీకితే చేపలు చస్తాయి నాయనా."

"ఏంది?"

"వాటి మురికి వాటికే విషం. చెట్లు దాన్ని తింటేనే నీళ్లు తేరేది. చెట్లు లేకుంటే దినమూ కొత్తనీళ్లు మార్చాల. యాడ తెచ్చేది?"

రాజులు తొట్టి గట్టుమీద కూలబడ్డాడు. చేపల్ని పారెయ్యలేడు. ఉంచితే చెట్లనూ ఉంచాలి. చెట్లు ఉంటే నీళ్లు పోసే పనీ జరగాలి. తను పట్టిన విరదమే వచ్చి కూతురి తొట్టికి కాపలా నిలబడింది.

"ఆకు నీచు కాదని ఎట్లా చెప్తావే? మన్ను లేదు గదా," అన్నాడు చివరికి. ఈసారి గద్దించినట్టు లేదు. అడిగినట్టుంది.

కోకిల కంకర గుప్పెడు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. "కొత్త కంకర గరుకుగా ఉంటాది నాయనా. దీన్ని పామి చూడు."

రాళ్లమీద సన్నటి జిగురు తగిలింది.

"దీంట్లో కంటికి కనబడనంత సన్నటి జీవాలుండాయి. కాలేజీలో మైక్రోస్కోపులో చూసినాను. చేపల మురికిని అవి మార్చి, చెట్లకు తగిన ఎరువు చేస్తాయి. మన్నులో ఉండేవీ ఇవే. మన్ను చేసే పనే ఈ రాళ్లు చేస్తా ఉండాయి. వాసన చూడు. ఇన్ని చేపలుండే నీళ్లు, ఇన్నాళ్లుగా మార్చని నీళ్లు."

రాజులు అటూ ఇటూ చూసి, తల వంచి, నీళ్ల దాకా ముఖం తెచ్చినాడు. నీచు కంపు వస్తుందని ముక్కు ముందే ముడుచుకున్నాడు. రాలేదు. తొలకరి పడినప్పుడు కయ్యగట్టు మీద వచ్చే వాసన వచ్చింది. ఆ వాసన చూసి ఎంత కాలమైందో! తల ఎత్తడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది.

చెంబు కోకిల చేతిలోంచి తీసుకున్నాడు. "నువ్వు పోయి నాలుగు మెతుకులు తినిరా. పొద్దుటినుంచీ తినలేదంట. నేను పోస్తా." మొదటి చెంబు దబ్బుమని పోసినాడు. కంకర చెదిరింది. రెండోది కూతురు పోసినట్టే పలచగా పోసినాడు.

పడమటెండ వేపచెట్టు కొమ్మలు దాటేవేళకు ధనకోటి తిరిగొచ్చింది. రత్నస్వామి వెనకే వస్తున్నాడు. దారిలో ఇంకొక ఇంట్లో మాట్లాడి వస్తానన్నాడట. రాజులు అలసిపోయి ముందువైపు తిన్నెమీద కళ్లు మూసుకున్నాడు. అంతసేపూ తొట్టి దగ్గరే ఉండిపోయిన కోకిల ఇప్పటికి వంటింట్లో తల్లి దగ్గర అన్నం తింటోంది.

పెరట్లో ధనకోటి ఒంటరిగా నిలబడి తొట్టిని చూసింది. కంకరలో ఇంత పచ్చగా మొక్కలు. వీధిలో నిలిచే మంచినీళ్ల లారీకి ఊళ్లో ఎవరు వచ్చినా పెరట్లోకి తొంగిచూసి, "అబ్బా, ఏమి పచ్చదనమే ధనకోటక్కా! మా ఇండ్లల్లో తులసే ఎండిపోయె," అని పోతున్నారు. అంతమంది కళ్లు పడ్డాక ఇంట్లో గొడవ రాకుండా ఎట్లా ఉంటుంది? ఇది విరదం తప్పు కాదు, దిష్టి. గురుసామి వచ్చేలోపల దిష్టి తీసేస్తే పిల్ల కష్టం నిలబడుతుంది.

ఒక తపేలాలో నీళ్లు తీసుకుంది. పసుపు కలిపింది. వక్కాకులోకి పెట్టుకున్న సున్నం డబ్బా అంతా గోకి వేసింది. తొట్టి పెద్దది, చెట్లు చాలా, కళ్లూ చాలా. చిటికెడు సున్నం ఏమి చాలుతుంది? నీళ్లు రక్తంలాగా ఎర్రగా తిరిగినాయి. తొట్టి చుట్టూ తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, మంచినీళ్లకొచ్చిన దిష్టి" అని పెదాలు కదిపింది.

ఎర్రనీళ్లు తిప్పినాక వీధిలో పారబోయడం ఆచారం. ఆమె గుమ్మందాకా నడిచింది కూడా. కానీ ఈ కరువులో ఆ ఇంట్లో ఇంకొక ఆచారం పుట్టింది. చుక్క నీళ్లు బయట పోయగూడదు. బియ్యం కడిగినవైనా, కూరాకు కడిగినవైనా తొట్టిలోకే. ఆ కట్టుబాటు పెట్టింది కోకిలే. తపేలాడు నీళ్లు వీధిలో మన్నుపాలు చేయడానికి ధనకోటికి చేతులు రాలేదు. పసుపేగా, మంగళమే అనుకుంది. వెనక్కి వచ్చి తొట్టిలో వంచింది.

మొదట చూసింది కోకిలే. చెయ్యి కడుక్కోవడానికి వచ్చి, కడుక్కోకుండానే నిలబడిపోయింది. చేపలన్నీ నీళ్లమీదికి వచ్చి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. రెండు పక్కకు ఒరిగి ఈదుతున్నాయి. నీళ్లు పసుపు తిరిగి ఉన్నాయి.

ఆమె అరవలేదు. గూట్లో పెట్టుకున్న ఎర్ర లిట్మస్ కాగితం ముక్క తెచ్చి నీళ్లలో ముంచింది. చూస్తుండగానే నీలంగా మారింది.

"సున్నం," అంది. "సున్నం ఎవరు వేసింది?"

అప్పుడే అక్కడికొచ్చిన ధనకోటి చేతిలో ఖాళీ తపేలా ఇంకా ఉంది. "దిష్టి తీసినానమ్మా. నీ మంచికే. నీళ్లు పారబోయకూడదని నువ్వే కదా చెప్పినావు..." అంటూనే ఆ పిల్ల ముఖం చూసి, తపేలా వదిలేసి నెత్తిన చేతులు పెట్టుకుంది. "అయ్యో, నా చేతులు పడిపోనూ! నా చేతులతోనే చేసినానా!"

"అత్తా, ఏడవద్దు. నీకెట్లా తెలుస్తాది? నేను చెప్పలేదు గదా." కోకిల మేనత్త చేతులు నెత్తిమీదినుంచి దించింది. అంత ఆపదలోనూ ఆ పిల్ల ముందు చేసిన పని అది. "చేపల్ని వేరే నీళ్లలోకి మార్చాల. ఇప్పుడే."

అరుపులు విని రాజులూ మునిలక్ష్మీ వచ్చినారు.

"మధ్యాహ్నం లారీనీళ్లు రెండు బిందెలు పట్టినా గదా, అవి పోసెయ్యి," అంది మునిలక్ష్మి.

"వాటిలో బ్లీచింగ్ పౌడరు ఉండాదమ్మా. ఎండలో ఒక పగలంతా ఉంచితే గానీ పనికి రావు. ఇప్పుడు పోస్తే ఇంకా ముందే చస్తాయి."

ఇక ఇంట్లో ఉన్న నీళ్లు ఒకే చోట ఉన్నాయి. దేవుడి మూలలో, వెడల్పు కంచు గంగాళంలో. కొండమీద రాతిలో ఊరే సుననుంచి రాజులు స్వయంగా తలమీద మోసుకొచ్చిన నీళ్లు. కావడి ఎత్తే రోజు తెల్లారి, కావడి కట్టేముందు తను స్నానం చేయాల్సిన నీళ్లు అవి. వాటిని మాల వేసుకున్నవాడు తప్ప ఇంకెవరూ ముట్టకూడదు.

కోకిల ఆ మూలవైపు చూడలేదు. చూడకూడదని బలవంతాన తొట్టివైపే చూస్తూ నిలబడింది. ఒక చేప బోర్లా తిరిగి, తెల్లటి కడుపు కనబడింది.

రాజులు లోపలికి పోయినాడు.

గంగాళం చెవులు పట్టుకుని, మోకాళ్లు వంచి, ఒక్కడే ఎత్తినాడు. మునిలక్ష్మి ఒక అడుగు ముందుకు వేసి ఆగింది. ముట్టకూడదు గదా. నీళ్లు తొణికి ఆయన పసుపుపంచె తడిసింది. తెచ్చి తొట్టి పక్కన దించినాడు.

"చెప్పు పాపా. ఎట్లా పట్టుకోవాల?"

కోకిల గంగాళం పక్కన మోకాళ్లమీద కూర్చుంది. "రెండు చేతులూ తడుపుకో నాయనా. కిందినుంచి దోసిలి పట్టినట్టు పట్టుకో. ఒత్తవద్దు."

పుట్టి బుద్ధెరిగినాక ఆ మనిషి అట్లా ఒకరు చెప్పినట్టు చేసింది లేదు. కూతురు చెప్పింది చెప్పినట్టు చేసినాడు. ఇద్దరూ ఒక్కొక్క చేపను దోసిలితో ఎత్తి గంగాళంలోకి దించుతున్నారు. ధనకోటి ఏడుస్తూనే ఒక పక్కగా చెంబుతో గంగాళం నీళ్లను పైకెత్తి మళ్లీ దాంట్లోకే ధారగా వదులుతోంది. గాలి కలవాలని కోకిల చెప్పింది. ఆ నీళ్లు తను ముట్టకూడదన్న సంగతి ఆమెకు గుర్తు రాలేదు. ఎవరూ గుర్తు చేయలేదు.

కొన్ని చేపలు కదలడం మొదలుపెట్టినాయి. ఒకటి మాత్రం రాజులు చేతుల్లో చలనం లేకుండా పడివుంది. దాని దవడ కింద ఉబ్బి ఉంది.

"ఇది పోయినట్టుంది పాపా."

కోకిల వంగి చూసింది. ఆమె కళ్లు పెద్దవైనాయి. "దాన్ని వదలవద్దు నాయనా! నీళ్లలోనే పట్టుకుని ముందుకూ వెనక్కూ నెమ్మదిగా ఆడించు. ఉయ్యాల ఊపినట్టు. అది తల్లి. ఈ జాతి చేప పిల్లల్ని నోట్లో పెట్టుకుని సాకుతాది. అన్ని రోజులూ దానికి తిండి కూడా ఉండదు. నోరు తెరిస్తే పిల్లలు పోతాయని."

రాజులు గంగాళంలో మోచేతులదాకా చేతులు ముంచినాడు. మెడలోని మాల జారి నీళ్లలో తేలింది. చేపను ముందుకు తోసి, వెనక్కు లాగి, ముందుకు తోసి... ఆయన పెదాలు కదులుతున్నాయి. రోజూ మాల పట్టుకుని చెప్పుకునే మాటలే.

చేప తోక ఒకసారి అల్లాడింది. మొప్పలు లేచినాయి. ఆపైన దాని నోరు తెరుచుకుంది. దాంట్లోంచి ఆవగింజకు కన్నూ తోకా మొలిచినట్టుండే పిల్లలు పొగలాగా బయటికి వచ్చినాయి. ఆయన వేళ్లసందుల్లోకి, అరచేతుల్లోకి, మణికట్ల చుట్టూ, ఎన్నో. సుననీళ్లు అద్దంలాగా ఉన్నందుకు ఒక్కొక్కటీ కనబడుతోంది.

"మునిలక్ష్మీ, చూడు," అన్నాడు రాజులు గుసగుసగా. "చూడు, ఎంత పని చేసిందో మన పాప."

కోకిల తల తిప్పుకుని ఓణీ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"సుందరరాజూ."

నలుగురూ ఒక్కసారి తలలెత్తినారు. పెరటి గుమ్మంలో రత్నస్వామి నిలబడి ఉన్నాడు. నుదుటిమీద విభూతి, భుజాన తువ్వాలు. ఆయన చూపు మొదట తడిసిన పసుపుపంచె మీద ఆగింది. తర్వాత నీళ్లలో తేలుతున్న మాలమీద. ఆపైన దేవుడి మూలలో ఉండాల్సిన గంగాళం మీద.

"చేతుల్లో ఏందప్పా అది?"

మునిలక్ష్మి భర్తవైపు చూసింది. చేతులు బయటికి తీస్తే చాలు. కడుక్కుని, చెంపలు వేసుకుని, తెలీక చేసినాను సామీ అంటే చాలు. పెద్దాయన మెత్తనివాడే, వింటాడు.

తల్లిచేప ఇంకా పూర్తిగా తేరుకోలేదు.

సుందరరాజులు గురుసామి కళ్లలోకి చూసినాడు. చేతులు నీళ్లలోంచి తీయలేదు.